మనవులన్నీ దించుకున్న రోజు

నంద్యాల,
సోమవారం

మా ఏసమ్మక్కకు చెల్లెలు దెబోరా వందనాలు చెప్పి రాస్తున్నది.

మొన్న ఫోన్లో "ఏందే, గొంతు అట్లుండాది?" అని నువ్వడిగితే జలుబన్నాను. జలుబూ గిలుబూ ఏమీ లేదు. పక్కగదిలో నీ మరిది వింటుంటాడు. పక్షవాతం ఆయన కుడిచేతినీ నాలుకనూ పట్టుకుంది గానీ చెవులకేమీ కాలేదు. అందుకే కాగితం మీద రాసి, ఆళ్లగడ్డకు వస్తున్న సంజీవయ్య చేతికిస్తున్నాను. నువ్వొక్కదానివే చదువుకో, కోడలితో చదివించుకోవద్దు.

అక్కా, నాకు విసుగొచ్చింది. ఈ మాట రాయడానికే ఇన్నాళ్లు పట్టింది.

ఆయన బడిలో పనిచేసే రోజుల నుంచీ సంఘం వాళ్ల ప్రార్థన మనవులన్నీ ఆయన మెయిల్‌కే వస్తాయని నీకు తెలుసు. బనగానపల్లె, డోన్, ఎక్కడెక్కడి నుంచో రాస్తారు. కొడుక్కి ఉద్యోగం, కూతురికి కానుపు, బోరులో నీళ్లు. ఆయన ఒక్కొక్కరి పేరూ చెప్పి ప్రార్థన చేసి జవాబు రాసేవాడు. ఇప్పుడు ఆయన ఫోన్లో చదివి పెదవులు కదిలిస్తాడు, నేను ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని జవాబు కొడతాను. ఆయనకు ఒళ్లు తుడవాలి, అన్నం తినిపించాలి, మాత్రలు వేయాలి, మళ్లీ వచ్చి ఎవరి బర్రె ఈనలేదో వాళ్లకు ధైర్యం చెప్పాలి. అందరూ చివర్లో "సారు ఆరోగ్యం ఎట్లుంది?" అని రాస్తారు. సారు పెళ్లాం సంగతి ఒక్కరూ అడగలేదక్కా. నువ్వు నవ్వినా సరే, అది తలుచుకుంటే నాకు ఏడుపొస్తుంది.

ఇంకో తంటా ఆయన పద్ధతి. మనవి తీరిందని వాళ్లు సాక్ష్యం రాసేదాకా ఆ మెయిల్ తీసేయకూడదు. తీరకముందే తుడిచేస్తే, దేవుడి ముందు కూర్చున్నవాళ్లను మనం లేపేసినట్టేనట. పని జరిగినాక ఎవరు రాస్తారు? ఉద్యోగమొచ్చినవాడు ఉద్యోగానికి పోతాడు. అట్లా పోగై పోగై ఇప్పుడు మెయిల్‌లో చోటు లేదు, కొత్తవి రావడం లేదు. ఆయన ఫోన్ నా ముఖం ముందు పెట్టి "రా...లే, రా...లే" అంటున్నాడు.

నేనొకటి అనుకున్నాను. ఉన్నవన్నీ ఇంట్లో కంప్యూటర్లోకి దించి భద్రం చేసి, ఆ తర్వాత మెయిల్ మూసేస్తాను. ఒక్కటీ పారేయను, కానీ ఇంకొక్కటి కూడా తీసుకోను. తాలూకాఫీసులో టైపిస్టుగా చేసి రిటైరయినదాన్ని, ఆ పని నాకు వచ్చు. ఆయనకెట్లా చెప్పాలో మాత్రం రాదు. ఆయన ప్రాణం నిలబడింది ఆ మనవుల మీదేనేమో అనిపిస్తుంది. మూసేస్తే ఆయనేమవుతాడో, మూయకపోతే నేనేమవుతానో. నువ్వే చెప్పు.

నీ చెల్లెలు
దెబోరా


నంద్యాల,
శనివారం

అక్కా, వందనాలు.

గాభరా పడకు. ఇద్దరం బాగానే ఉన్నాం, మెయిల్ మూతపడింది. రాసేవాళ్లను ఇకనుంచి సంఘంలో నిర్మలకు పంపమన్నాం. ఆమెది చిన్న వయసు, ఓపిక ఉంది. "ముందు ఆయప్పకు చెప్పి చెయ్" అని నువ్వు సంజీవయ్యతో పంపిన మాట నాకందేసరికే జరగాల్సింది జరిగిపోయింది.

బుధవారం పొద్దున మెయిళ్లు దించే ప్రోగ్రాం పెట్టాను. దించిన తర్వాత మెయిల్‌లో కూడా ఒక కాపీ ఉంచమని ఒకచోట టిక్కు పెట్టాలి. సరిగ్గా అప్పుడే గదిలో గ్లాసు కిందపడిన చప్పుడైతే లేచిపోయాను. తిరిగొచ్చి, టిక్కు పెట్టాననే అనుకుని నొక్కేశాను. మధ్యాహ్నానికి మెయిళ్లన్నీ కంప్యూటర్లోకి వచ్చేశాయి, అక్కడ ఒక్కటీ మిగల్లేదు. ఆ సంగతి నాకు తెలియదు. మళ్లీ పెన్‌డ్రైవ్‌లో కూడా వేసి పెట్టుకుని, ఒక పని అయిందని ఆయనకు అన్నం కలుపుతున్నాను.

గదిలోంచి అరుపు వినబడింది. పరుగెత్తాను. నీ మరిది ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని నవ్వుతున్నాడు, కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. ఫోన్లో మెయిల్ ఒక్కటీ లేదు.

"అందరివీ... తీరినాయి," అన్నాడు. "దెబోరా... అందరివీ."

సాక్ష్యాలొచ్చాయనీ, అవి చూసి నేను తీసేశాననీ అనుకున్నాడు. ఆయన పద్ధతిలో మెయిల్ లేదంటే మనవి తీరినట్టేగా. నేను అవునంటే చాలు, మూసేయడానికి అంతకన్నా మంచి సాకు దొరకదు. నోటిదాకా వచ్చింది కూడా. ఆ ముఖం చూసి అబద్ధం చెప్పలేకపోయాను.

"తీరలేదు. యాడికీ పోలేదు, కంప్యూటర్లో ఉండాయి. నేనే దించినా. కొత్తవి రాకుండా మూసేద్దామని దించినా. ఇంగ నావల్ల కాదు," అన్నాను. అంటూనే ఏడ్చేశాను.

ఆయన నవ్వు పోయింది. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. ఫోన్ తలగడ కింద పెట్టి, ఎడమచెయ్యి నా వైపు చాపాడు. వెళ్లి మంచం అంచున కూర్చున్నాను.

"మూ...సెయ్," అన్నాడు. ఆ వెంటనే, "నీది?" అన్నాడు.

నాకర్థం కాలేదు. నాలుక మడతపడుతుంటే కూడదీసుకుని మళ్లీ అడిగాడు. "నీ మనవి... ఏంది?"

ఇంతమంది మనవులు చదివినదాన్ని, నాదేమిటో వెతుక్కోవాల్సి వచ్చిందక్కా. ఆయన ఆరోగ్యం అని చెప్పాలేమో అనుకున్నాను. కానీ నోటివెంట నిజమే వచ్చింది. "నిద్ర. నాకు కంటినిండా నిద్ర కావల్ల."

ఆయన నా నెత్తిమీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టాడు. "ప్రభువా" అనడానికే ఎంతోసేపు పట్టింది. తర్వాత నా పేరు చెప్పాడు. ఆ తర్వాత ఏమన్నాడో, ఆమెన్ దాకా వచ్చాడో లేదో నాకు తెలియదు. ఆ మంచం అంచునే నిద్రపోయాను.

నీ
దెబోరా