సినిమాలోని అక్క

వాకాడు మండలం,
మే 9

తమ్ముడు కిషోర్‌కు, ప్రేమతో,

అమ్మ బాగుంది. నేనూ తిరుగుతున్నాను. నీ ఒంట్లో ఎలా ఉందో రాయి. ఈ ఉత్తరం నీకంటే ముందు జైలువాళ్లు చదువుతారని తెలుసు. చదవనీ.

పోయినేడు అవార్డులన్నీ తెచ్చుకున్న గంజాయి సినిమా ఉంది కదా, పడవ మీద సరుకు దాటించే కుర్రాడి కథ. థియేటర్లో ఆడినప్పుడు మన వీధిలో ఎవరూ చూడలేదు. ఇప్పుడది ఇళ్లలోకే వచ్చేసింది. చేపల వేట నిషేధం కాబట్టి పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. మధ్యాహ్నం వీధంతా పక్కింటి వనజాక్షక్క టీవీ ముందు చేరింది. వద్దన్నా వినకుండా అమ్మా వచ్చి కూర్చుంది. ఆ కుర్రాణ్ణి పోలీసులకు పట్టించేది వాడి సొంత అక్కే. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "తోడబుట్టింది ఇట్ట చేస్తాదా? దీన్ని కన్నతల్లి దీని మొగం ఎట్ట చూస్తాదో!" అంది. నా చెయ్యి పట్టుకునే అంది.

కిషోర్, ఆ రోజు స్టేషన్‌కు ఫోన్ చేసింది నేనే.

నీకు ముందు పడవలో ఆ గంజాయి సరుకు మోసిన మాల్యాద్రి సముద్రంలోంచి తిరిగి రాలేదు. నువ్వూ రావేమోనని వణికిపోయాను. గుమ్మంలో అడ్డం నిలబడితే చెంప మీద కొట్టి వెళ్లావు. పది నిమిషాలకు ఫోన్ తీశాను. నిన్ను బతికించుకోవడానికే చేశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. సినిమాలో ఆ అక్క పగతో చేసింది. అది చూసినప్పటి నుంచి నాకేమీ తెలియడం లేదు. భయంతో చేశానా, ఆ దెబ్బ మంటతో చేశానా? అమ్మకు చెప్పాలా, వద్దా? ఒక పూట ఒకటి అనిపిస్తుంది, ఇంకో పూట ఇంకోటి. కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తున్నాను.

నువ్వే చెప్పు. తిట్టయినా సరే.

నీ అక్క,
రోజారమణి


నెల్లూరు జైలు,
మే 27

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వేనని నాకు మొదటి వారంలోనే తెలుసు. "ఎవురో ఆడమనిషి ఫోన్ చేసినాదిరా" అని ఒక కానిస్టేబుల్ నోరు జారాడు. నేను బయలుదేరే వేళ నీకు తప్ప ఎవరికి తెలుసు? ఏడాదిపాటు నిన్ను తిట్టుకోని రోజు లేదు.

కానీ నేనూ ఒకటి దాచాను. పోలీసులు సరుగుడు తోటలోంచి దిగుతుండగానే చూశాను. పడవ నీళ్లలోనే ఉంది, ఇంజను నడుస్తోంది. పారిపోవచ్చు. నేనే ఇంజను ఆపేశాను. చెడిపోయిందని అందరితో అన్నాను. ఎందుకు ఆపానో ఇప్పటికీ తెలియదు. మాల్యాద్రి గుర్తొచ్చాడా, నిన్ను కొట్టిన సంగతి గుర్తొచ్చిందా? పట్టుబడ్డాక ఏడుపు రాలేదు, నిద్ర వచ్చింది. స్టేషన్ బెంచీ మీద పొద్దెక్కేదాకా పడుకున్నాను. నా మనసే నాకు అర్థం కానప్పుడు నీ మనసులో ఏముందో ఏం చెప్పను? నిన్ను కొట్టడం మాత్రం తప్పు. అది తెలుసు.

ఈ రెండేళ్లలో అమ్మ ప్రతి నెలా ములాఖత్‌కు వచ్చింది. నువ్వు ఒక్కసారీ రాలేదు. ఎందుకని అమ్మను అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఈసారి అమ్మను నువ్వే తీసుకురా. నువ్వు ఫోన్ చేసిందీ, నేను ఇంజను ఆపిందీ నేనే చెబుతాను. ఏమంటుందో తెలియదు. ఏమన్నా ఇద్దరం కలిసే విందాం.

నీ తమ్ముడు,
కిషోర్