పైకప్పు లేని గోడౌను

మాస్టారూ,

మీరు పోయి నిన్నటికి ఏడాది. ఆస్తులకు విలువ కట్టడం మీరే నాకు నేర్పారు. ఈ వారం మన వాల్యుయర్ల సంఘంవాళ్లు నన్ను ఆరు నెలలపాటు ఆ పని చేయొద్దన్నారు. తప్పు నాదే.

గుంటూరు అవతల ఒక మిర్చి గోడౌనుకు విలువ కట్టమని బ్యాంకువాళ్లు అడిగారు. ఎండకు జడిసి నేను వెళ్లలేదు. యజమాని ఫోనులో పంపిన పాత ఫొటోలు చూసి, 'స్వయంగా పరిశీలించాను. గాలి, వెలుతురు ధారాళంగా ఉన్నాయి' అని రాసి సంతకం పెట్టాను. తర్వాత బ్యాంకు మేనేజరు వెళ్లి చూస్తే, పైకప్పు గాలివానకు ఎప్పుడో ఎగిరిపోయింది. లోపల గేదెలు పడుకుని ఉన్నాయట.

సంఘం ఆఫీసులో విచారణకు ముగ్గురు కూర్చున్నారు. పెద్దాయన నా రిపోర్టు చదివి, "గాలి, వెలుతురు సంగతి మాత్రం నిజమే రాశారండి," అన్నారు. పక్కనున్నావిడ నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్లు తాగారు.

"అసలు ఎందుకు వెళ్లలేదండీ?"

"ఎండగా ఉందండి."

"మరి గేదెలు వెళ్లాయి కదండీ."

మీరు డెబ్బై ఏళ్లు దాటాక కూడా టేపు పట్టుకుని ప్రతి గోడా కొలిచేవారు.

ఆఖరున ఆయన, "ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని అడిగారు. ఆయన వెనక గోడ మీద పాత గ్రూపు ఫొటో ఉంది. మధ్యలో మీరు కూర్చుని ఉన్నారు. నేను అటు చూడలేదు.

"ఎవరి దగ్గరా లేదండి. నా అంతట నేనే నేర్చుకున్నాను," అన్నాను.