వీపులు తిప్పిన బొమ్మ నాదే

డహాణూ తాలూకా కర్వండపాడాలో ఉండే జాన్యా ఖర్పడే భార్య రూప్లీ, వయసు ఇరవై నాలుగు, చదువు నాలుగో తరగతి, రాసుకున్న వీలునామా. నా జబ్బు గుండెకే, బుద్ధికి కాదు. ఎవరూ చెప్పి రాయించలేదు. సోమవారం ముంబైలో ఆపరేషన్. నేను తిరిగి రాకపోతే ఇందులో రాసినట్టు జరిపించే బాధ్యత బడి మాస్టారు దేవ్‌జీ గారిది.

1. మంత్రిగారి బొమ్మ గీసింది నేను, మా ఆయన కాదు. పెళ్లింటి గోడ మీద చౌక్ ముగ్గు గీసే మా ఆడవాళ్లు కింద పేరు రాయరు. ఆ అలవాటు కొద్దీ గుడ్డ మీద గీసిన ఈ బొమ్మకూ రాయలేదు. అమ్మకానికి వెళ్లేటప్పుడు ఆయన పేరు పడింది. పట్నంలో బొమ్మ చూసి పార్టీవాళ్లు ఇంటి మీదికొచ్చారు. "ఎవడ్రా గీసింది?" అంటే ఆయన "నేనే" అన్నాడు. కేసు ఆయన మీద పడింది. తలుపు వెనక నిలబడ్డ నేను నోరెత్తలేదు. తర్వాత ఏడిస్తే, "పేరు అడిగితేనే కొంగు నమిలేదానివి, స్టేషన్లో ఏం చెబుతావే? ఊరుకో" అన్నాడు.

2. రుజువు. బొమ్మలో మంత్రి కుర్చీలో కూర్చుని తార్పా బూర ఊదుతున్నాడు. పొట్టనిండా మా కొండలు. గొడవ చేసినవాళ్లు పొట్టనే చూశారు. తార్పా ఊదేవాడికి మేం ఆడేటప్పుడు ఎన్నడూ వీపు చూపం. ఇందులో అందరూ వీపు తిప్పే ఆడుతున్నారు. ఆడవాళ్ల కొప్పులన్నీ మంత్రి వైపే ఉన్నాయి. జడ్జిగారు మా ఆయన చేత ఒక ఆడమనిషిని గీయించి చూడాలి. ఆయన గీస్తే ఎప్పుడూ కొప్పు మర్చిపోతాడు. నేనే పెడతాను.

3. పోలీసులు తిరిగిస్తే ఆ బొమ్మ ఆయనదే. అమ్మకూడదు.

4. నేను బొమ్మలు గీసే వెదురు పుల్లలు, బియ్యప్పిండి గిన్నె మా పాప మన్కీకి. మూడేళ్ల పిల్ల, నేలంతా పూస్తుంది. తిట్టవద్దు.

5. ఎర్ర చీర, రెండు కోళ్లు తోడికోడలు సోన్కీకి. "మొగుణ్ణి స్టేషన్‌కి పంపి మూగనోము పట్టావా అక్కా?" అంది. నిజం కాబట్టి ఇంకా గుచ్చుకుంటోంది. నల్లపెట్ట పొడుస్తుంది. తెలిసే ఇస్తున్నాను.

6. బతికొస్తే, మాస్టారూ, ఈ కాగితం చించేయండి. కోర్టుకు నేనే వెళ్తాను. కొంగు నములుతూ అయినా నా నోటితోనే చెబుతాను.

2017 జూన్ 10, శనివారం.

రూప్లీ జాన్యా ఖర్పడే
(నేను చేసినదాని కింద నా పేరు రాయడం ఇదే మొదలు.)

సాక్షులు:
మథీబాయి ధోడి, అంగన్‌వాడీ
బుధ్యా వాంగడ్, తార్పా వాయిస్తాడు