కొన్న లింకులు

జూన్ 9
సెర్చ్‌లో మా సైటు పేరు వెతికాను. లేదు. నాలుగో పేజీ దాకా చూశాను… ఎప్పటి నుంచి ఇలా? ఇక్కడి బంగారు గనులు మూతపడ్డాక చెదిరిపోయిన కుటుంబాలను కలపాలని నేనూ శ్రీధరూ పెళ్ళైన ఏడు మొదలుపెట్టిన సైటు. గని కూలీల ఇళ్ళ వరసల పేరు, ‘చాంపియన్ రీఫ్స్ లైన్లు’ అని కొడితే మేమే ముందుండేవాళ్ళం.

జూన్ 10
మాకు లింకు ఇచ్చిన సైట్ల జాబితా తీశాను. జూదం సైట్లు, బరువు తగ్గే మందుల సైట్లు. వాటికి మాతో ఏం పని? మమ్మల్ని కిందికి తోయాలని ఎవరో కక్షతో చేశారు. శ్రీధర్‌ని చూడమన్నాను. తెర వైపు కూడా చూడలేదు.

జూన్ 12
పక్క గని ఊరు కోరమండల్ నుంచి మునెమ్మ వచ్చింది. ఆమె అక్క సరోజమ్మ లైన్లు ఖాళీ చేసినప్పుడు మొగుడితో క్వారీ పనికి వెళ్ళింది, మళ్ళీ కబురు లేదు. వాళ్ళ ఫోటోతో జనవరిలోనే పేజీ పెట్టాం.
“మా అక్క పిల్లోళ్ళు ఎవురన్నా చూసినారా అమ్మా?”
ఇంకా లేదన్నాను. పేజీ ఎవరికీ కనబడటం లేదని చెప్పలేకపోయాను.

జూన్ 15
బెంగళూరులో వెబ్‌సైట్ల పని చేసే లతకు ఫోన్ చేశాను. ఎవరో తగిలించే చెత్త లింకుల్ని సెర్చ్ వాళ్ళు చాలావరకు పట్టించుకోరట. మనమే కొనుక్కున్నవైతే ఫలితాల్లోంచి తీసేసి శిక్ష వేస్తారట. సైటు ఖాతాలో వాళ్ళ నోటీసు వచ్చిందేమో చూడమంది.
ఉంది. ఫిబ్రవరి నుంచీ ఉంది. ఆ ఖాతా చూసేది శ్రీధర్ ఒక్కడే; అతని ఫోన్లో తెరిచి చూశాను.

జూన్ 16
అడిగాను. దాచలేదు. రైల్లో పరిచయమైనవాడు సైటును పైకి తెస్తానంటే నమ్మి ఆ లింకులు కొన్నాడట.
“నువ్వు సంతోషపడతావని చేసినాను. నోటీసు వచ్చినాక నీ మొగం చూడలేకపోయినా.”
నేను గట్టిగా మాట్లాడలేదు. ఇద్దరం అన్నం తినలేదు.

జూన్ 21
లింకులు తీసేయమని ఒక్కో సైటుకూ రాస్తున్నాం. తీయనివాటిని లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్ వాళ్ళకు జాబితా పంపాం. తప్పు ఒప్పుకుని, మళ్ళీ చూడమని అడిగాం. నేను చదువుతాను, అతను టైప్ చేస్తాడు. మా మధ్య అదొక్కటే మాట.

జూన్ 27
జవాబు లేదు.

జూలై 8
శిక్ష ఎత్తేశారు. పాత స్థానం వెంటనే రాదంది లత. రాకపోనూవచ్చట.

జూలై 19
సేలం నుంచి మెయిల్. సరోజమ్మ మనవరాలు. చెల్లెల్ని చూడాలని అవ్వ రోజూ అడిగేదట. ఊరి పేరు, మునెమ్మ పేరు ఎన్నిసార్లు కొట్టినా ఏమీ రాలేదట. నిన్న మా పేజీ వచ్చింది.
అవ్వ ఏప్రిల్‌లో పోయింది.
శ్రీధర్ చదివి పెరట్లోకి వెళ్ళాడు. ఏడుపు వినబడింది. నేను వెళ్ళలేదు.

జూలై 20
కోరమండల్ వెళ్ళాం. తానే చెబుతానన్నాడు, చెప్పాడు. తాను చేసింది కూడా. మునెమ్మకు లింకుల సంగతి అర్థం కాలేదు. ఎప్పుడు పోయిందని మాత్రం అడిగింది.
“ఏప్రిల్లోనా… అప్పుడు నేను ఈడనే ఉండానే అప్పా.”
తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

జూలై 22
పొద్దున శ్రీధర్ సైటు ఖాతా పాస్‌వర్డ్ కాగితం మీద రాసి నా చేతిలో పెట్టాడు. “ఇంగ నువ్వే చూసుకో.” తీసుకున్నాను. తీసుకోకుండా ఉండాల్సిందేమో… పొద్దున బయటికి వెళ్ళినవాడు, రాత్రి పది దాటినా ఇంకా ఇంటికి రాలేదు.