బాబాయ్ అని పిలిచిన పాప

బాపట్ల

శ్రీవారికి,

ఇక్కడ అత్తయ్య, రాహుల్, నేను కులాసా. సూరత్‌లో మీరూ వేళకు తింటూ కులాసాగా ఉన్నారనుకుంటాను. రాహుల్ జ్వరం సంగతి అడిగారు. తగ్గింది, అల్లరి మాత్రం రెట్టింపైంది. నా ఫోన్ ఎప్పుడిస్తారని అడిగారు. అప్పీలు గడువు దాటేదాకా సాక్ష్యంగా కోర్టులోనే ఉంటుందట. పక్కింటి ఫోనులో ఇదంతా మాట్లాడలేక రాస్తున్నాను.

టీవీల్లో అంత గోలైన రేపల్లె పాప తేజస్వి, ఆ రోజు బస్సులో నా ఒళ్లో కూర్చుందని ముందే రాశాను కదా. చీరలు అమ్ముకుని వస్తున్నాను. పక్కనున్న మనిషిని పాప "బాబాయ్, నీళ్లు" అని అడుగుతుంటే ఇంట్లోవాడే అనుకున్నాను. ముద్దొచ్చి ఫోన్లో ఫోటో కూడా తీశాను. పాప రామాపురం లాడ్జిలో దొరికాకే, వాడు ఎత్తుకుపోతున్నాడని తెలిసింది. ఫోటోలో వాడి భుజమే పడింది. అందుకే మనిషిని గుర్తుపట్టమని నన్ను తెనాలి జైలుకు పిలిచారు.

అక్కడేం చేశారని ఎన్నిసార్లు అడిగారో! సినిమాల్లోలా అద్దం వెనక నుంచి చూపిస్తారనుకున్నాను. అదేం లేదు. మేజిస్ట్రేటు గారు కుర్చీలో కూర్చున్నారు. పోలీసులెవరూ లోపల ఉండకూడదట! వాడికి చెవి కింద పుట్టుమచ్చ ఉందని, అది కనబడకుండా వరసలో నిలబెట్టిన అందరికీ చెవి కింద ప్లాస్టరు అంటించారు. వేరే ఎవరినైనా చూపిస్తానేమోనని భయపడ్డాను. కానీ వాడి మొహం చూడగానే తెలిసిపోయింది.

తెనాలి కోర్టులో పాపను మాత్రం వాడి ఎదుటికి తేలేదు. బొమ్మలున్న వేరే గదిలో జడ్జి గారే మాట్లాడారట. ఆ గది చూడాలని ఎంత ఉబలాటపడ్డానో! బంట్రోతు తలుపు తీయనిస్తేనా?

ఇక ఇన్నాళ్లూ దాచిన మాట. "మనకెందుకు, సాక్ష్యానికి వెళ్లకు" అని మీరు రాశారు. అది చదివి కూడా వెళ్లాను. కోప్పడకండి.

వాడి లాయరు లేస్తూనే అడిగాడు.

"పాప అతన్ని ఏమని పిలిచింది?"

నిజం చెబితే వాడు తప్పించుకుంటాడేమో! కానీ ప్రమాణం చేశాను కదా.

"బాబాయ్ అందండి."

"మరి కావలసినవాడే కదమ్మా! ఎత్తుకుపోవడమేంటి?"

"పొద్దున్న వరండాలో, కోర్టు హాలెటు బాబాయ్ అని మిమ్మల్నే అడిగానండి. మీ పేరేంటో నాకిప్పటికీ తెలీదు."

హాలంతా నవ్వింది. జడ్జి గారు నవ్వలేదు, ఆ మాట రాయించారు.

నిన్న తీర్పు వచ్చింది. వాడికి శిక్ష పడింది. మెట్ల దగ్గర పాప, వాళ్లమ్మ చంద్రకళ కనిపించారు. సంతోషం పట్టలేక చెయ్యి చాపాను.

"అత్త దగ్గరికి రావా తల్లీ?"

పాప వాళ్లమ్మ వెనక్కి జరిగి, "అత్త కాదు" అంది.

"ఏమనుకోకక్కా. నేనే అలా నేర్పించాను" అంది చంద్రకళ.

మంచి పని చేశావమ్మా అని చెప్పి, రైల్లో బాపట్ల దాకా ఏడుస్తూనే వచ్చాను.

మన రాహుల్‌కీ అలాగే నేర్పాలని ఇంట్లో అడుగుపెట్టాను. వాడు గుమ్మంలో నిలబడి, వీధిన పోయే ముసలాయన్ని "తాతా, ఎక్కడికి?" అని అడుగుతున్నాడు. ఆయనెవరో నాకూ తెలీదు. ఆయన ఆగి, నవ్వి, వీడికి జవాబు చెప్పి వెళ్లాడు. వద్దనడానికి నాకు నోరు రాలేదండి. మీరైతే ఏం చెబుతారు?

ఇట్లు,
మీ మాట వినని మీ ఆవిడ,
సునీల