ఎడమ పక్క నుంచి పిలిస్తే

మార్చి 11, మంగళవారం

నా మొండి నాన్నకి,

ఫోన్ చేస్తే లైను బాగోలేదంటావు. పన్నెండేళ్ళుగా మీ ఊరి లైను ఒక్కరోజు కూడా బాగుపడలేదు పాపం. సరే, నీ మాటే నెగ్గింది, ఉత్తరమే రాస్తున్నాను. నీ గది కిందున్న బౌలింగ్ హాల్లోంచి ఎవరూ నిన్ను ఆటకి లాక్కుపోని వేళ చూసి, కళ్ళజోడు పెట్టుకుని చదువు. ఇది కాస్త పెద్దది. పైగా చివర్లో నువ్వు నన్ను తిట్టాల్సిన సంగతి ఒకటి ఉంది.

నేను ఆర్కన్సాలో ఉన్నాను. ఇక్కడి కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ అమోస్ టాలివర్‌ని చూడ్డానికి వచ్చాను. టీవీలో నువ్వూ చూసే ఉంటావు. పొడుగాటి కుర్రాడు, అరవై గజాల అవతల పరిగెత్తేవాడి చేతుల్లోకి బంతిని అప్పజెప్పినట్టు విసురుతాడు. మా క్లబ్‌కి ఈసారి క్వార్టర్‌బ్యాక్ లేకపోతే గడవదు. ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో, క్లబ్బులన్నీ కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకునే వరసలో, మా వంతు పంతొమ్మిదోది. అప్పటికి ఇద్దరే మిగిలేలా ఉన్నారు, ఒకడు ఈ అమోస్, రెండోవాడు ప్రూయిట్ అనే ఒహాయో అబ్బాయి. ఇద్దరిలో ఎవరు నయమో రాసి ఇవ్వాల్సింది నేను. పధ్నాలుగేళ్ళ నుంచి స్కౌటుగా నా బతుకు ఇంతేగా, మోటెల్ గదులూ, ప్రాక్టీసు మైదానాలూ, కాలేజీ వంటావిడ దగ్గర్నుంచి బట్టలుతికే ఆయన దాకా అందర్నీ పట్టుకుని ఫలానా కుర్రాడు ఎలాంటివాడని ఆరా తీయడం.

అమోస్ గురించి మా స్కౌట్ల పెద్ద హాలిస్ ఎప్పుడో తేల్చేశాడు. చెయ్యి బంగారం, ఒంటికి మాత్రం స్పృహ లేదన్నాడు. బంతి పట్టుకుని నిలబడ్డవాడికి, మీదికొచ్చేవాణ్ణి చూడకపోయినా ఒంటికి తెలిసిపోవాలి కదా. అమోస్‌కి తెలియదు. నిరుడు పదకొండుసార్లు వెనకనుంచి గుద్ది బంతి ఊడగొట్టారు. ఇంకో మాట కూడా ఉంది, పొగరని. పిలిస్తే పలకడట. మిగతా క్లబ్బుల వాళ్ళూ ఇవే రెండు మాటలు రాసుకుంటున్నారు. ఇలాంటి మాటలు నివేదికలోకి ఒకసారి ఎక్కాయంటే ఇక చెరగవు నాన్నా, ఆ కుర్రాడు ఎక్కడికెళ్ళినా వెంట వస్తాయి.

ఆ ఆటలన్నీ పదిరోజులు కూర్చుని మళ్ళీ మళ్ళీ చూశాను. పదకొండు దెబ్బల్లో తొమ్మిది ఎడమ పక్క నుంచి తగిలినవే. కుడిపక్క నుంచి వచ్చినవాళ్ళని అసలు తిరిగి చూడకుండానే తప్పించుకున్నాడు. మేమంతా ఎప్పుడూ కాళ్ళూ చేతులూ చూస్తాం. ఆరోజెందుకో నేను తల చూశాను. ప్రతిసారీ బంతి చేతికొచ్చే ముందు గడ్డం ఎడమ భుజం వైపు కొద్దిగా తిప్పుతాడు, కుడి చెవి ముందుకొచ్చేలా. చేతిలో కాఫీ కప్పు కింద పెట్టేశాను. ఆ తల నాకు తెలుసు. అమ్మ బంగాళాదుంపలు వడ్డిస్తూ ఏదైనా అడిగితే నువ్వు సరిగ్గా అలాగే తిప్పేవాడివి.

ఇదిగో, మన ఇంట్లో ఎవరమూ పైకి అనని నీ ఎడమ చెవి సంగతి కాగితం మీద పెట్టేశాను. కోప్పడకు.

నిన్న స్కౌట్లందరి ముందూ బంతులు విసిరి చూపించే కార్యక్రమం జరిగింది. విరామంలో అమోస్ ఎడమ పక్కన నిలబడి, మామూలుగా పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. పక్కనున్న ముసలి స్కౌట్ బర్డెట్ పకపకా నవ్వి, "నువ్వు పిలిస్తే పలుకుతాడటమ్మా? దొరగారు," అన్నాడు. నేను చుట్టూ తిరిగి కుడివైపుకెళ్ళి, ఇంకా మెల్లగా పిలిచాను. "చెప్పండి మేడం," అని వెంటనే తిరిగాడు, ఎంతో మర్యాదగా. బాగా విసిరావని మాత్రం అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాను.

ఇప్పుడు నేనేం చెయ్యను? మోకాళ్ళు, భుజాలు, గుండె అన్నీ చూసిన మా డాక్టర్లకి చెవి తట్టలేదు. నేను రాస్తే వీడి డ్రాఫ్ట్ మంటగలుస్తుంది. రాయకపోతే క్లబ్ జీతం తింటూ క్లబ్‌ని మోసం చేసినట్టు. వీడి మీద పడ్డ ఆ పొగరుబోతు పేరు కూడా అలాగే ఉండిపోతుంది. మన ఊరి బేకరీ ఇర్మా నీ గురించి అనేది చూడు, గుడ్ మార్నింగ్ చెప్పినా మొహం తిప్పుకుని పోతాడని. అలాగే.

ఇక నువ్వు తిట్టాల్సిన సంగతి. నాకప్పుడు పదకొండేళ్ళు. నువ్వు మిల్లులో క్రేన్ నడిపేవాడివి. అంత ఎత్తున కూర్చునే నాన్న మా క్లాసులో ఇంకెవరికీ లేడు. ఒక గురువారం నీకు భోజనం డబ్బా ఇద్దామని వస్తే, గేటు దగ్గర ఫోర్‌మన్ గెర్హార్ట్ కనిపించి, "మీ నాన్నకి నా మీద కోపమా? పిలిస్తే పలకడేం?" అన్నాడు. కోపం కాదండీ, నాన్నకి ఎడమ చెవి వినపడదు అన్నాను. నిన్ను మంచివాడని చెప్పాలనే అన్నాను నాన్నా. వారం తిరక్కుండా నిన్ను క్రేన్ దింపి గోదాములో వేశారు. నడుం నొప్పని నువ్వు ఊరందరికీ చెప్పుకున్నావు. చెప్పింది నేనేనని ఇన్నేళ్ళూ నోరు విప్పలేదు. నీకు తెలియదనే ధైర్యంతో నీ పక్కన కూర్చుని అన్నం తిన్నాను. ఇప్పుడు ఇంకో మనిషిని అలాగే దింపబోతున్నాను. ఏం చెయ్యమంటావో రాయి.

నీ కుడిపక్క కూర్చునే
కోరిన్


మార్చి 19

మా తల్లికి,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. లైను నిజంగానే బాగోలేదు, ఆ సంగతి పక్కన పెట్టు.

చెప్పింది నువ్వేనని నాకు ఆ రోజే తెలుసు. గెర్హార్ట్‌కి ఏదీ కడుపులో దాగదు. నీ కూతురు చెప్పిందయ్యా అని అప్పుడే అనేశాడు. నువ్వు నాకు తెలియదనుకుని బాధపడుతున్నావని నాకు తెలియదు. నాకు తెలుసని నీకు తెలియదు. పిచ్చిదానా, ఒకే బల్ల మీద అన్నం తింటూ ముప్పై నాలుగేళ్ళు ఇద్దరం భలే నాటకం ఆడాం.

నీకు తెలియని సంగతి ఒకటుంది. మీ అమ్మకి కూడా చెప్పలేదు. ఆ వారం సోమవారం క్రేన్‌తో కాగితం చుట్ట దింపుతున్నాను, రెండు టన్నులది. కింద లూయీ ఉన్నాడు. ఎడమ పక్క నుంచి ఆపమని అరిచాడట. నాకు వినపడలేదు. అటు చివర ఎవరో రెండు చేతులూ ఊపుతుంటే చూసి ఆపాను. అప్పటికి చుట్ట లూయీ టోపీకి తగిలి టోపీ కింద పడింది. వాడు టోపీ తీసి దులుపుకుని, ఏం కొంప ముంచుతావా ఆర్విల్ అని నవ్వాడు. వాడికి ముగ్గురు పిల్లలు.

అప్పుడే దిగి గెర్హార్ట్ దగ్గరికెళ్ళి చెప్పాలి కదా. చెప్పలేదు. మంగళవారం అతని గది గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చాను. బుధవారమూ అంతే. చెవిటివాడంటారేమోనని భయం. గురువారం నువ్వు చెప్పేశావు. నేను చెయ్యాల్సిన పని నా పదకొండేళ్ళ కూతురు చేసింది. లూయీ పోయిన నెలలో ముని మనవడి బాప్తిజానికి నన్ను పిలిచాడు. వెళ్ళి కేకు తింటుంటే నువ్వే గుర్తొచ్చావు. ఈ మాట నీకెప్పుడో చెప్పాల్సింది. సిగ్గుపడాల్సింది నేను, నువ్వు కాదు.

నాకున్న బాధల్లా ఒకటే. గెర్హార్ట్ నన్ను అడగలేదు. తీసుకెళ్ళి గోదాములో పడేశాడు. ముందు నన్ను కూర్చోబెట్టి, ఏమయ్యా నిజమేనా అని అడిగుంటే నేనే చెప్పుకునేవాణ్ణేమో. అప్పుడు నడుం నొప్పి అబద్ధం అవసరం ఉండేది కాదు, ఊళ్ళో మొహం తిప్పుకుని బతకాల్సిన పనీ ఉండేది కాదు.

అందుకని నువ్వు రాయి, తప్పదు. కానీ ముందు ఆ అబ్బాయిని అడుగు. కుడిపక్క కూర్చుని అడుగు. నా సంగతి చెప్పు. పేరుతో సహా చెప్పు, ఫరవాలేదు.

నిన్నెప్పుడూ తిట్టని
నాన్న


ఏప్రిల్ 9

నాన్నా, నా బంగారు నాన్నా,

నీ ఉత్తరం చదివి మోటెల్ గదిలో కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను. ఇక ఆ సంగతి మళ్ళీ ఎత్తను.

అమోస్‌నీ వాళ్ళమ్మ వెర్లీన్‌నీ పాన్‌కేకుల హోటల్లో కలిశాను. నువ్వు చెప్పినట్టే కుడిపక్క కూర్చున్నాను. సూటిగా అడిగేశాను. అతను ఫోర్కు పక్కన పెట్టి వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. ఆరేళ్ళప్పుడు మెదడువాపు జ్వరం వచ్చిందట, ప్రాణం దక్కింది, చెవి పోయింది. స్కూలు కోచ్‌కి తెలిస్తే ఆడనివ్వడని తల్లీకొడుకులు దాచారు. అప్పట్నుంచి దాస్తూనే ఉన్నారు.

"పొగరంటే పడతాను మేడం," అన్నాడు. "చెవిటివాడంటే నా చేతికి బంతెవరిస్తారు?"

నాకు కోపం వచ్చింది, నా నోరు నీకు తెలుసుగా. "ఇప్పుడు వాళ్ళు నీ గురించి రాసింది అంతకంటే ఘోరం," అన్నాను. "ఒంటికి స్పృహ లేదని రాశారు. దానికి మందు లేదు. చెవి సంగతి తెలిస్తే ఎడమ పక్కకి ఒక మనిషిని పెడతారు, నీకు అటు చూడ్డం నేర్పిస్తారు. నువ్వు దాస్తున్నది నిన్ను కాపాడట్లేదు అబ్బాయ్, ముంచుతోంది."

ఆ తర్వాత నీ కథ చెప్పాను. క్రేన్, లూయీ టోపీ, నడుం నొప్పి, ఇర్మా, అన్నీ. అమోస్ ఫోర్కు మళ్ళీ తీసుకుని పాన్‌కేకుని ముక్కలు చేస్తూ కూర్చున్నాడు. చివరికి, "మీ నాన్నగారు ఇప్పటికైనా ఊళ్ళో చెప్పారా?" అన్నాడు. లేదన్నాను. వెర్లీన్ కొడుకు చెయ్యి పట్టుకుని, డెబ్బై ఆరేళ్ళొచ్చినా చెప్పుకోలేని మనిషిగా నువ్వు మిగలొద్దురా అంది. నీ మీద గౌరవం లేక అన్న మాట కాదు నాన్నా, ఆవిడ కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

వారం గడువడిగాడు. నాలుగోరోజే తనతో మాట్లాడిన క్లబ్బులన్నిటికీ తనే ఫోన్ చేసి చెప్పేశాడు. ఆ తర్వాతే నా నివేదిక ఇచ్చాను. స్పృహ లేదన్న వాక్యం కొట్టేసి, ఎడమ చెవి వినపడదు, కుడిపక్క అతనిలా ఆడేవాడు ఈ ఏడు ఇంకొకడు లేడు, తీసుకోండి అని రాశాను. హాలిస్ చదివి, పట్టుకున్నావు కోరిన్, శభాష్ అన్నాడు. అని, అమోస్ పేరున్న అట్టముక్కని, మేం ఎంచుకోదగ్గవాళ్ళ పేర్లు పెట్టే బోర్డు మీద నుంచి పీకి సొరుగులో వేశాడు. గంటసేపు గొడవపడ్డాను. ప్రూయిట్‌కి రెండు చెవులూ ఉన్నాయి, వాదనెందుకన్నాడు. ఇంకో తొమ్మిది క్లబ్బులు కూడా అమోస్‌ని కొట్టేశాయని విన్నాను.

అడిగే చేశాను, నిజమే. అయినా నిద్ర పట్టట్లేదు. ఒక్కరు కూడా తీసుకోకపోతే ఆ తల్లికి నేనేం మొహం చూపించను?

నీ
కోరిన్


ఏప్రిల్ 27, ఆదివారం

నిద్రలేని నా తల్లికి,

గురువారం నుంచి టీవీ ముందే ఉన్నాను. మీ వంతు రాగానే మీవాళ్ళు ప్రూయిట్ పేరు చదివారు. నేను విన్న బూతులన్నీ వాడాను. అమోస్ మొదటి రౌండులోనే పోతాడని కెమెరాలవాళ్ళు ముందే వాళ్ళింటికి చేరారు కదా, పాపం ఆ రాత్రంతా మోగని ఫోనునే చూపించారు. వెర్లీన్ నీలం గౌను వేసుకుంది. నువ్వు చెప్పకపోయినా ఆవిడేనని పోల్చుకున్నాను.

శుక్రవారం సాయంత్రం మూడో రౌండులో ఫోను మోగింది. ఆ అబ్బాయి ఫోను కుడి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఎడమ పక్క నుంచి వాళ్ళమ్మ ఏదో అడుగుతోంది, ఎవరు, ఎవరు అని కాబోలు. అతను ఇంత పెద్ద కెమెరా ముందు, ఏ బెరుకూ లేకుండా, ఎడమ చెవి మీద వేలితో తట్టి చూపించి, ఇటు రమ్మని ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని కుడివైపుకి లాక్కున్నాడు. కింద అక్షరాల్లో క్లబ్ పేరు పడింది. మనది. మీ క్లబ్ కాదు, మన ఊరి క్లబ్. నేను లేచి గంతేశాను తల్లీ, బౌలింగ్ హాలు వాళ్ళు పైకప్పు కూలిందని పరిగెత్తుకొచ్చారు. ఇక ఏడాదికి రెండుసార్లు మీ క్లబ్‌తో ఆట పడ్డప్పుడల్లా అతను మీ హాలిస్‌ని ఏడిపిస్తాడు, నేను వెళ్ళి కుడిపక్క సీట్లో కూర్చుని చూస్తాను. నువ్వు ఎవరి పక్షమో ఇప్పుడే తేల్చుకో.

అతను ఇరవై రెండేళ్ళకి చేసిన పని తలుచుకుంటే ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. నిన్న పొద్దున గడ్డం గీసుకుని బేకరీకి వెళ్ళాను. జనం బాగానే ఉన్నారు. ఇర్మా అద్దాల బల్ల వెనక నుంచి వచ్చి, ఎడమ పక్కన నిలబడి ఏదో అన్నట్టుంది, పెదాలు కదలడం చూశాను. అలవాటుగా మొహం తిప్పుకోబోయి ఆగాను.

"ఇర్మా, ఇటు రా," అన్నాను అందరికీ వినపడేలా. "ఆ చెవి నాకు నలభై ఏళ్ళుగా వినపడదు."

ఇర్మా పిండి చేతులు తుడుచుకుంటూ చుట్టూ తిరిగి కుడివైపుకి వచ్చింది.

"మా ఆయన పోయినప్పుడు చర్చి మెట్ల మీద నిన్ను పిలిచాను ఆర్విల్," అంది. "శవపేటిక పట్టుకోవడానికి ఒక మనిషి తక్కువయ్యాడు. నువ్వు ఆగలేదు. నేనేం తప్పు చేశానా అని ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను."

ఏ పక్క నుంచి పిలిచావని అడిగాను. ఆవిడ కళ్ళు మూసుకుని ఆ మెట్లు గుర్తు తెచ్చుకుంది. తర్వాత మళ్ళీ ఎడమ పక్కకే తిరిగొచ్చి, నా ఎడమ భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

వెళ్ళింది రొట్టె కోసం. తెచ్చుకోవడం మర్చిపోయాను. రేపు మళ్ళీ వెళ్ళాలి.

ఎడమ చెవి వినపడని
నీ నాన్న