కార్డుకి పెట్టని బొట్టు

శుక్రవారం, అమలాపురం

మా అమ్మాయి శిరీషకి మొదటి క్రెడిట్ కార్డు వచ్చింది. దాని ఉద్యోగం కొత్తది కనక బ్యాంకువాళ్లు డిపాజిట్ అడిగారు. కుట్టుమిషను మీద కూడబెట్టింది దాని పేర నేనే వేశాను. సాయంత్రం కవరు పట్టుకుని పరుగున వచ్చి, "ముందు నీ చేత్తో బొట్టెట్టి ఇయ్యమ్మా" అంది.

ఆయన పోయాక కొత్త వస్తువు దేనికీ నేను బొట్టు పెట్టలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, "పక్కింటి అత్తయ్యగారి చేత పెట్టించుకో" అన్నాను.

"డిపాజిట్ కట్టినప్పుడు నీ చెయ్యి మంచిదే కదమ్మా, ఇప్పుడేమైంది?" అని కవరు బల్ల మీద పెట్టేసి, అన్నం తినకుండా పడుకుంది.

ఇందాక కుంకుమ భరిణె మూత తీశాను. నా రాత పిల్లకి అంటుకుంటుందేమోనని వేలు ముంచలేక మళ్లీ మూసేశాను.